యేసురత్నం గారి బూడిద

నిన్న ఇంట్లో ఏసీ ఫిల్టరు కడుగుతుంటే తడిసిన దుమ్ము వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు యేసురత్నం గారు గుర్తొస్తారు. నరసాపురం వైపు మనిషి. ప్రపంచకప్పు కోసం లుసైల్‌లో స్టేడియం లేస్తున్న రోజుల్లో, దోహాలోని ఒక కన్సల్టెన్సీలో ఆయన నా బాసు. కరెంటు ప్లాంట్లకూ, సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంట్లకూ ఏ ప్రమాదం వస్తే ముందు ఏది మూలపడుతుందో అంచనా వేయడం మా పని. ఒక నీళ్ళ ప్లాంటు రిపోర్టులో అగ్నిపర్వతపు బూడిద మీద ఒక అధ్యాయం రాయమన్నప్పుడు నాకు నవ్వాగలేదు.

“ఏంది సార్, ఖతార్ల అగ్నిపర్వతం ఏడున్నది?”

“ఇక్కడ లేదయ్యా. ఇరాన్లో ఉన్నాయి, ఎర్రసముద్రం అవతలా ఉన్నాయి. బూడిద గాలిలో వస్తుంది, దానికి వీసా అక్కర్లేదు కదా!” నవ్వకుండా జోకులేయడం ఆయన అలవాటు.

ప్లాంటుకు వెళ్తే ఆయన డ్రాయింగు విప్పేవారు కాదు. యంత్రం ముందు నిలబడి, “ఇది గాలి ఎక్కడ పీలుస్తుంది? నీళ్ళెక్కడ తాగుతుంది?” అనేవారు. నేను పైపు వెంట నడిచి వెళ్ళి చూపించాలి. ఆ ఎండలో ఆయన్ని మనసులో ఎంత తిట్టుకున్నానో! ప్లాంటు మేనేజరు హైదరాబాదీ. మా బూడిద గోల విని తేలిగ్గా తీసేశాడు. “దుమ్ము మాకు కొత్తనా సాబ్? గాలి తగ్గినంక నీళ్ళు కొట్టి కడిగేస్తం.” సార్ వాదించలేదు. ఇండోనేషియాలో పనిచేసినప్పుడు డబ్బాలో తెచ్చుకున్న బూడిద ఒక సాసర్లో, ప్లాంటు బయటి ఇసుక మరో సాసర్లో పోసి, రెండింటి మీదా నీళ్ళు చిలకరించి ఎండలో పెట్టించారు. భోజనాలయ్యాక బోర్లిస్తే ఇసుక జారిపోయింది. బూడిద గచ్చులా పట్టుకుని కదల్లేదు.

“ఇప్పుడు కడగండి బాబూ,” అన్నారు సార్. మేనేజరు గోటితో గీకి చూశాడు.

అసలు గొడవ తర్వాత వచ్చింది. ప్లాంటు ఆగితే నగరానికి నిల్వ నీళ్ళున్నాయి. బిర్కత్ అల్ అవామిర్‌లోని లేబర్ క్యాంపుకు మాత్రం ట్యాంకరు వస్తేనే నీళ్ళు. మా అన్న రాజన్న ఉండేది ఆ క్యాంపులోనే. దానికి సొంత ట్యాంకు కట్టాలని సార్ రాశారు. బూడిద అధ్యాయంతో నవ్వులపాలవుతాం, దాంతోపాటు ఖర్చు పెంచే ఆ ట్యాంకు మాటా తీసేయమని మా కంపెనీ పెద్దలు పట్టుబట్టారు. సార్ కాంట్రాక్టు పొడిగింపు వాళ్ళ చేతిలోనే ఉంది.

“బూడిద తీసేస్తే తీసేయండి. ట్యాంకు తీస్తే మాత్రం నేను సంతకం పెట్టను,” అన్నారాయన. బయటికొచ్చాక నా భుజం తట్టి, “కావాలంటే నీ పేరు తీయించేసుకో. కుర్రాడివి, నీకు ఉద్యోగం ఉండాలి,” అన్నారు.

“మా అన్న ఆడనే ఉంటడు సార్. నా పేరు ఉండనియ్యున్రి.”

రిపోర్టులో ట్యాంకు నిలిచింది. సార్ కాంట్రాక్టు నిలవలేదు. విమానాశ్రయంలో ఆయన్ని సాగనంపి వస్తూ కారులో ఏడ్చాను. ఆ పెద్దల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ప్రపంచకప్పుకు ముందే ట్యాంకు పూర్తయింది. నరసాపురానికి ఫోన్ చేసి చెప్పాను.

“ఎవరన్నా తాగారా?” అన్నారు.

“మా అన్న తాగిండు సార్.”

“చల్లగా ఉన్నాయంటా?” అన్నారు.

సార్ ఇప్పుడు లేరు. ఖతార్‌లో బూడిద ఇంతవరకూ పడలేదు, పడకూడదనే కోరుకుంటాను. ఇప్పుడు ఏ ప్లాంటుకు వెళ్ళినా పైపు వెంట నడుస్తాను, కాకపోతే ప్లాంటు గేటు దగ్గర ఆగిపోను. చివరి కుళాయి దాకా వెళ్ళి, అక్కడ బిందె పట్టుకుని నిలబడ్డ మనిషి పేరు అడిగి వస్తాను.