ముళప్పారి కుళ్లిన ఏడాది

మొన్న ఆడి నెలలో మా వీధి ఆడవాళ్లు ముళప్పారిని, అంటే అమ్మవారి పండక్కి పెంచిన మొలకల మూకుళ్లను, ఏటికి కాక, గుడి ముందర నింపి పెట్టిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము దగ్గరికి మోసుకుపోయి అందులోనే కలిపేస్తుంటే, షేర్ ఆటోలో పోతున్న నేను తల తిప్పేసుకున్నాను. వాళ్లననేం లాభం, ఆ ఏటి పక్కన ముక్కు మూసుకోకుండా నిలబడగలిగితే కదా!

మా చిన్నతనంలో, మిల్లు సైరన్‌ను బట్టి పొయ్యి రాజేసుకునే ఆ యాభైల చివర్లో, మా అవ్వ మట్టి మూకుళ్లలో నవధాన్యాలు చల్లి, చీకటి గదిలో దాచి, ఏటి నీళ్లు మాత్రమే పోసి మొలకలు పెంచేది. అవి ఎంత ఏపుగా లేస్తే ఇంటికి అంత మేలని నమ్మకం. తలకెత్తుకుని పాడుకుంటూ పోయి, మళ్లీ ఆ ఏటికే అప్పగించి వచ్చేవాళ్లం. ఏరంటే మాకు తల్లి. చెప్పులు గట్టుమీదే విప్పి దిగేవాళ్లం.

మా చిన్నాయన పెండ్లాం, అంటే మా చిన్నమ్మ, సత్రపట్టి నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు అవ్వ ముచ్చటపడి విత్తనాలు ఆమె చేతే చల్లించింది. పాపం, తెల్లారకముందే తలస్నానం చేసి తానే బిందెతో నీళ్లు తెచ్చి పోసేది. గింజలు ఉబ్బాయి గాని మొలకెత్తలేదు, కుళ్లి గదంతా కంపు కొట్టింది. "దీని కైరాశి సరిలేదు" అనేసింది అవ్వ, ఆ చేతికి ఏదీ కలిసిరాదని. మరుసటేడు అవ్వే చల్లినా కుళ్లిపోతే, చిన్నమ్మ నీడ పడిందన్నారు. ఇక ఆమెను ఆ గది గడప తొక్కనివ్వలేదు. కడుపు కూడా పండకపోయేసరికి ఆ మాటకు తిరుగే లేకపోయింది.

అసలు ఘోరం ఏమిటంటే, ఏటికి ఎగువన మా చిన్నాయన బ్యాండేజి గుడ్డ తెల్లబరిచే షెడ్డు పెట్టింది చిన్నమ్మ కాపురానికి వచ్చిన ఆ ఏడాదే. బ్లీచింగ్ పొడి తొట్లలో గుడ్డ నానబెట్టి, ఆ నీళ్లన్నీ ఏట్లోకి వదిలేవారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఏటి నీళ్లు ఘాటు కొడుతున్నాయనీ తెలుసు, అయినా రెండూ కలిపి ఆలోచించినవాళ్లు లేరు. తల్లి ఎక్కడైనా మైలపడుతుందా, తప్పుంటే మనిషిదే అయివుండాలి కదా!

అరవైల చివర్లో వీధికి కుళాయి వచ్చింది. అవ్వ గొణుక్కుంటూనే ఆ నీళ్లు పోస్తే మొలకలు జానెడు లేచాయి, ఆ మంచిపేరు కాస్తా అప్పుడే కాపురానికి వచ్చిన మా వదినకు దక్కింది. చిన్నమ్మ పెరట్లో గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

ఆమె మంచాన పడ్డాక, కడుపుమంట ఆగక, తప్పు నీ చేతిది కాదు, ఆ నీళ్లది, చిన్నాయన తొట్లది అని విడమరిచి చెప్పాను. ఇన్నాళ్లకైనా ఆమె మనసు తేలికపడుతుందనుకున్నాను. గబుక్కున నా నోరు మూసింది.

"అట్ల ఏటిని అనొద్దు పాపా, తల్లి కదా అది. నా కైరాశే సరిలేదు, ఏం చేసేది?"

ఇప్పుడు ఆ ఏటిలో నురగ తప్ప మరేమీ పారదు. దాన్ని తల్లి అని పిలిచేవాళ్లు లేరు, బాగుపడుతుందన్న ఆశ నాకూ లేదు. మా అందరి పాపాన్నీ తన చేతిదే అనుకుని మోసిన ఆఖరి మనిషి మా చిన్నమ్మే.