కొండ అంచున షూటింగ్

ఇప్పుడు పాసిర్ రిస్‌కు మారిపోయారు గానీ, సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా పై అంతస్తులో ఉండే ఆంటీకి టీవీ అంటే కోపం. మలేషియాలో పుట్టిన తెలుగావిడ, ఐర్లాండ్‌లో పదేళ్ళు నర్సుగా చేసి వచ్చారు. ఆ దేశపు పచ్చటి కొండలు తెరమీద కనబడితే చాలు, లేచి నిలబడి "అబద్ధం!" అనేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఒక ఆదివారం ఆవిడను భోజనానికి పిలిచాం. ఐర్లాండ్‌లో తీసిన రాజుల కాలపు సీరియల్ ఏదో మా అమ్మాయి పెట్టింది. సముద్రం పక్కన కొండ అంచున యుద్ధం. ఒక సైనికుడు జారి పడిపోతే పిల్ల చప్పట్లు కొట్టింది. ఆంటీ రిమోట్ లాక్కుని టీవీ కట్టేశారు.

"ఆంటీ, సో రూడ్ లా!" అంది మా అమ్మాయి, ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

"ఉత్త సినిమా కదా ఆంటీ," అన్నాను నేను కూడా.

"సినిమానా? మా ఆయన జారి పడింది అక్కడే. సంవత్సరీకం నాడు పూలు వేద్దామని పోతే, షూటింగ్ అని తాడు కట్టేసినారు. ఫ్రేములోకి వస్తున్నావు, పక్కకు పో అన్నాడొకడు. నేను పోలా. తాడు కింద దూరి, వాళ్ళ గుర్రాల మధ్య నడిచి, పూలు వేసే వచ్చినా. కట్, కట్ అని అరిచినారు. అరవనీ!"

ఇన్నాళ్ళూ నవ్వినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మా అమ్మాయి ఆవిడ దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగింది. "అంకుల్ పేరేంటి ఆంటీ?"

ఆంటీ పేరు చెప్పారు. చెప్పి, ఇంకా కోపంగానే, "అంతమంది ఉన్నారక్కడ. ఒక్కడన్నా ఈ మాట అడగలా," అన్నారు.