జగ్గమ్మ కూతురి సెంటు

చేపలమ్మిన డబ్బుతో చదువుకున్న పిల్లకు చేపల వాసన దాచుకోమని నేర్పిన వాణ్ణి ఏమనాలి? ఒడిశాలో బరంపురం ఊరి హల్దియాపదర్ పేటలో ఇంటర్వ్యూలకు శిక్షణ ఇచ్చే మనీష్ సారు సరిగ్గా అదే నేర్పాడు. నేర్చుకున్నది గోపాలపూర్ దుర్గ. ఆమె తల్లి జగ్గమ్మ ఇరవై ఏళ్ళుగా ఒడ్డున పడవల దగ్గర చేపలు కొని, తట్టతో బస్సెక్కి, బరంపురం వీధుల్లో అమ్ముతోంది.

దుర్గకు పిలుపు వచ్చింది చేపలు ఎగుమతి చేసే కంపెనీ నుంచి. సరుకు మంచిదో కాదో చూసే ఉద్యోగం. అది వస్తే తల్లి నెత్తిన తట్ట దించాలని ఆ పిల్ల పంతం. నెల రోజులు ఒళ్ళు వంచి తయారైంది. ఇంగ్లీషు జవాబులు అద్దం ముందు వల్లెవేసింది, కంపెనీ సరుకు ఏ దేశాలకు పోతుందో కంఠతా పట్టింది. అంతవరకు ఎవరూ తప్పుపట్టలేరు. ఆఖరి రోజున సారు ముక్కు చిట్లించి, ఇంట్లోవాళ్ళ పని అడిగితే బిజినెస్ అని చెప్పమన్నాడు, మెడకీ మణికట్లకీ దండిగా సెంటు రాసుకు వెళ్ళమన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందట! దుర్గ బుద్ధిగా తలూపి వచ్చింది.

ఇంటర్వ్యూ పొద్దున జగ్గమ్మ బొట్టు పెట్టబోతే, మల్లెపూల సెంటు దండిగా రాసుకున్న దుర్గ వెనక్కి జరిగింది.

"ముట్టుకోకే అమ్మా, వాసనొస్తాది."

జగ్గమ్మ కుంకుమ భరిణె గూట్లో పెట్టేసి, తట్ట ఎత్తుకుని, కూతురెక్కిన బస్సు ఎక్కకుండా తర్వాతి దానికోసం నిలబడింది.

కంపెనీలో మాటల పరీక్ష చకచకా అయిపోయింది. బిజినెస్ అని కూడా చెప్పేసింది. అప్పుడు పూర్ణచంద్ర అనే పెద్ద ఆఫీసరు లోపలికి తీసుకెళ్ళి ఐదు ట్రేల చేపలు చూపించాడు. రెండింట్లో సరుకు పాడైంది, అవేవో చెప్పమన్నాడు. దుర్గ మొదటి ట్రే మీదికి వంగి వాసన చూసింది. మల్లెపూలు. రెండో ట్రే చూసింది. మళ్ళీ మల్లెపూలే. ఐదు ట్రేలూ పెళ్ళిపందిరిలా గుమగుమలాడిపోయాయి.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సారు మీద కొంత, తన మీద అంతకు రెట్టింపు. తమ పేటలో చీమిడి ముక్కు పిల్లలు చెప్పగలిగేది తను చెప్పలేకపోతోంది! ఏమైందని ఆఫీసరు ఒడియాలో అడిగేసరికి, వల్లెవేసిన ఇంగ్లీషు ఎటు పోయిందో, దుర్గ కూడా ఒడియాలోనే కడుపులో ఉన్నదంతా కక్కేసింది. మాది బిజినెస్ కాదు, మా అమ్మ చేపలమ్ముతుంది, ఆ వాసన దాచాలని సెంటు రాసుకున్నాను, ఇప్పుడు నా ముక్కుకు ఇంకేమీ అందడం లేదు అంది.

అన్నాక బుర్ర వెలిగింది. జలుబు చేసిన రోజు జగ్గమ్మ బేరం మానేస్తుందా? మొప్ప ఎత్తి చూస్తుంది, బొటనవేలితో నొక్కుతుంది. పడిన గుంట పైకి లేవకపోతే ఆ చేప కొనదు. దుర్గ అడిగి చేతులు కడుక్కుని ఐదు ట్రేలూ నొక్కింది. రెండో దాంట్లో గుంట అలాగే ఉండిపోయింది. బాగా కడిగి ఐసు కప్పిన నాలుగో దాంట్లోనూ అంతే. వాసన నమ్ముకుని వచ్చినవాళ్ళందరూ ఆ నాలుగో ట్రే దగ్గరే బోల్తా పడ్డారని ఆఫీసరు చెప్పాడు. వారానికి ఉద్యోగం వచ్చింది.

మర్నాటికే మనీష్ సారు తన గుమ్మం బోర్డు మీద దుర్గ ఫొటో అతికించాడు. ఎంత సిగ్గులేనితనం! దుర్గ బజారులో ఉన్న తల్లిని వెంటబెట్టుకుని అక్కడికే వెళ్ళింది. తట్ట బయట వీధిలో పెట్టించమన్నాడు సారు.

"ఫొటో ఉంచండి సారూ. కిందన మా యమ్మ పేరు రాయండి, సేపలమ్మే జగ్గమ్మని. పని నేర్పింది ఆవిడే."

అలా రాస్తే కొత్తగా ఎవరు చేరతారని ఆయన నవ్వాడు. దుర్గ బోర్డు మీద ఫొటో గోటితో లేపి, పీకి, చేతిసంచిలో వేసుకుంది.

వీధిలోకి వచ్చి తల్లి ముందు తల వంచింది. ఆ రోజు పెట్టనివ్వని బొట్టు ఇప్పుడు పెట్టమంది.

"సేతులు కడుక్కోనేదు, ఉండు" అని జగ్గమ్మ చెంగు అందుకోబోయింది.

దుర్గ ఆ చెయ్యి పట్టుకుని తుడుచుకోనివ్వలేదు. జగ్గమ్మ తన నుదుటి కుంకుమే కాస్త వేలికి తీసి, కూతురి నుదుట అద్దింది.