గ్యాస్‌నూనె పూసిన చుట్టరికం

ఒక్క పూటలో ఇరవై నాలుగు గొర్రెపిల్లలను తల్లులుండగానే అనాథలను చేసిన దాన్ని నేను. తోడేలు కూడా అంత పని చేయదు, ఒకదాన్ని ఎత్తుకుపోయి ఊరుకుంటుంది. నేను ఒక్కదాన్నీ వదల్లేదు.

దేవరకొండ దగ్గరి పల్లెకు కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు. ఊరికి కరెంటు రాలేదు, నాకు బుద్ధి రాలేదు. మా అత్త గొర్రెల మనిషి. పగలంతా తల్లులు మేతకు పోయేవి, పిల్లలు దొడ్డిలో ఉండేవి. పొద్దు వాలేటప్పుడు తల్లులు రాగానే దొడ్డి తీస్తే ఒకటే అరుపులు, దుమ్ము. మనం కండ్లు నులుముకునేలోగా ఏ పిల్లకాపిల్ల తన తల్లి పొదుగు కింద దూరేది. అన్నీ తెల్లవే! ఎలా పోల్చుకుంటాయి? నాకు అన్నం కూడా సహించేది కాదు.

"అత్తా, ఏ పిల్ల ఎవలదో నీకెట్ల ఎరుక?"

"నీ మొగడు నా కొడుకని నాకెట్ల ఎరుక? గట్లనే."

ఇదీ ఒక జవాబేనా, మీరే చెప్పండి!

ఒకనాడు అత్త కంటి మందు కోసం పాలమూరు దవాఖానకు బయలుదేరింది. ఆ మంద లెక్కంతా ఆమె తలలోనే ఉంది, తలేమో బస్సెక్కింది. పోతూ పోతూ ఒకే మాట చెప్పింది: "పిల్లలను ఇడిసిపెట్టు. అవే పోతయ్. నువ్వు జర చేతులు కట్టుకొని నిలబడు."

చేతులు కట్టుకోవడం ఒక్కటే నాకు రాని పని.

మర్నాడు పొద్దున పిల్లలు పాలు తాగుతుండగా గోడలకు పూసే ఎర్రటి జాజు కలిపాను. వానకు పోకూడదని నీళ్లకు బదులు దీపంలో పోసే గ్యాస్‌నూనె పోశాను. చూడండి తెలివి! ఏ పిల్ల ఏ తల్లి దగ్గరుందో చూసి తల్లి నుదుట మూడు చుక్కలు, పిల్ల తోక మీద మూడు చుక్కలు. ఇంకోదానికి గీత, మరోదానికి సున్నా. కవల పిల్లలుంటే రెండింటికీ తల్లి గుర్తే. ఒక్క తప్పు పోలేదు. పట్వారి కూడా అంత శుభ్రంగా రాయడు.

సాయంత్రం మా ఆయన మందను తోలుకొచ్చాడు. దొడ్డి తీశాను. పిల్లలు ఉరికాయి. తల్లి వంగి పిల్ల తోక వాసన చూసింది, తుమ్మింది, తల వంచి ఒక్క కుమ్ము కుమ్మింది! పక్కదీ అంతే. ఇరవై తల్లులూ అంతే. దొడ్డంతా గ్యాస్‌నూనె కంపు.

నేను ఒక పిల్లను ఎత్తి తల్లి ముఖానికి చూపించాను. "మూడు సుక్కలే! నీకూ మూడే! సూడు!"

మా ఆయన కర్ర కింద పడేశాడు. "గొర్రెకు ఎక్కాలొస్తయానే? అది తోక వాసన సూసి గుర్తుపడ్తది. నువ్వు సరిగ్గా తోక మీదనే పూసినవ్!"

"మరి ముందుగాల చెప్పొద్దా?"

"పూస్తవని కలగన్ననా?"

పాలు లేకపోతే ఆ పసికూనలు బతకవు. ఇద్దరం ఒక్కో తల్లిని పట్టి, కాళ్లు అదిమి, గుర్తు చూసి దాని పిల్లకే పాలు తాగించాం. నా చుక్కలు అక్కరకొచ్చాయని అందామనుకున్నాను. ఆయన ముఖం చూసి మింగేశాను.

మర్నాడు మధ్యాహ్నానికి అత్త కంటికి కట్టుతో దిగింది. దొడ్డి వైపు తిరిగి ముక్కు ఎగబీల్చింది. కుంకుడుకాయ రసంతో పిల్లల తోకలన్నీ, తల్లుల నుదుళ్లన్నీ నాతోనే కడిగించింది. తల్లి పాలు పిండి దాని పిల్ల తోకకు రాసింది. ఆ సాయంత్రం తల్లులు వాసన చూశాయి, కాసేపు ఆలోచించాయి, నాకడం మొదలుపెట్టాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క ముసలి గొర్రె మాత్రం రెండు రోజులు బెట్టు చేసింది.

ఆ రెండు రోజులూ దాని పిల్ల ఆకలికి నా కొంగు పట్టుకొని బావి దాకా వచ్చేది. పక్కింటామె చూసి, బావి గట్టున ఉన్న అత్తను అడిగింది: "మీ కోడలు నీళ్లు పోసుకున్నదా వదినా?"

"అయ్యో, ఎప్పుడో కన్నది," అంది అత్త. "ఒక్క కాన్పుల ఇరవై నాలుగు. పాలియ్యుడే రాదు."

బావి దగ్గరున్న ఆడవాళ్లందరి ముందూ అదే బావి నీళ్లు దోసిట పట్టి ఒట్టేశాను: బొందిలో ప్రాణముండగా ఏ తల్లికీ దాని బిడ్డను నేను చూపించబోను.