సత్తిబాబుగారి ఇంటిచూపులు

మా సత్తిబాబుగారికి ఇల్లు అమ్మడం రాదు. ఇంటికి పెళ్ళి చెయ్యడం మాత్రమే వచ్చు.

రియల్ ఎస్టేట్‌లోకి దిగకముందు ఆయన రామచంద్రపురం చుట్టుపక్కల పెళ్ళి సంబంధాలు కుదిర్చేవారు. సంబంధాలన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాక ఇళ్ళ మీద పడ్డారు. వృత్తి మారింది గానీ నోరు మారలేదు. ఆయనకు ఇల్లంటే అమ్మాయి, డాక్యుమెంట్లంటే జాతకం, కొనేవాళ్ళంటే మగపెళ్ళివారు.

ధవళేశ్వరంలో మా ఇల్లు అమ్మి పెట్టమని ఆయన్నే పిలిచాను. వీధిలోకి నీళ్ళొస్తాయని బాగా ఎత్తు మీద కట్టుకున్న ఇల్లది. మా ఆవిడ హైమవతికి మోకాళ్ళు అరిగిపోయి ఆ మెట్లు ఎక్కలేకపోతోంది. రాజమండ్రిలో లిఫ్టున్న ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చేశాను. నెలాఖరులోగా ఇల్లు అమ్ముడుపోకపోతే ఆ ఫ్లాటు చెయ్యి జారిపోతుంది. నా కంగారు నాది.

సత్తిబాబుగారు ఇల్లంతా కలియతిరిగారు. "అమ్మాయి లక్షణంగా ఉందండీ. ఈశాన్యం కాస్త తక్కువ, అయినా గుణం ముఖ్యం కదండీ!" అన్నారు. నేను కాగితాలు వెతుక్కుంటుంటే, ఆయన మా పెరటి పనసకాయతో హైమవతి చేసిన పనసపొట్టు కూర రెండుసార్లు మారు వేయించుకున్నారు. నా ఖర్మ అక్కడ మొదలైంది.

మొదట పెద్దాపురం నుంచి పల్లంరాజుగారనే వ్యాపారి వచ్చారు. పెరట్లో గోడౌన్ వేసుకోవచ్చని మురిసిపోయి, చెప్పిన ధరకే సరేనన్నారు. నేను లోలోపల గంతులేస్తున్నాను. సత్తిబాబుగారు గొంతు సవరించుకున్నారు.

"మీ ఇంట్లో పనసపొట్టు కూర తింటారాండీ?"

"అబ్బే, మాకు పడదండి."

"అయితే కబురు చేస్తామండి."

ఆ మాటకు అర్థమేమిటో ఆడపిల్లల తండ్రులకు వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత విజయ్ పాల్ అని ఒక ఇంజినీరు వచ్చాడు. పెరట్లో రెండు కార్లు పడతాయా అని కొలుచుకున్నాడు. మళ్ళీ అదే ప్రశ్న.

"కూరలన్నీ కర్రీ పాయింట్ నుంచేనండీ" అన్నాడు పాపం.

"కబురు చేస్తామండి!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంటండీ ఇది? ఇల్లమ్ముతున్నారా, వంటవాళ్ళని వెతుకుతున్నారా?"

"తొందరపడితే పిల్ల గొంతు కోసినట్టేనండి."

"పిల్లేంటండీ, అది సిమెంటండీ బాబూ!"

హైమవతి మాత్రం ఆయనకు ఇంకో కప్పు కాఫీ తెచ్చిచ్చింది.

నెలాఖరు దగ్గర పడుతుండగా శశిభూషణ్, లక్ష్మీప్రసన్న అని ఒక టీచర్ల జంట వచ్చింది. ప్రశ్న పడింది.

"ప్రాణమండీ! కానీ కాయ కొట్టడం చేతకాదు" అంది లక్ష్మీప్రసన్న సిగ్గుపడుతూ.

సత్తిబాబుగారి మొహం వెలిగిపోయింది. "తాంబూలాలు పుచ్చేసుకుందామండీ!" అని, ఆ జంటను పెరట్లోకి తీసుకెళ్ళి చాలాసేపు గుసగుసలాడారు. ధర కాస్త తగ్గింది గానీ ఫ్లాటు దక్కింది. ఆయన్ని తిట్టుకుంటూనే సంతకాలు పెట్టాను.

ఫ్లాట్లో మోకాళ్ళు సుఖపడ్డాయి గానీ హైమవతికే ఏమీ తోచేది కాదు. మళ్ళీ పనసకాయల రోజులొచ్చాయి. ఒక ఆదివారం కాలింగ్ బెల్ మోగింది. ఎదురుగా శశిభూషణ్, భుజం మీద లేత పనసకాయ. వెనకాల కత్తి పట్టుకుని లక్ష్మీప్రసన్న.

"చెట్టు కొట్టకూడదు, తొలికాయ అమ్మాయి తల్లికే ఇవ్వాలి, పొట్టు కొట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. వీటికి ఒప్పుకుంటేనే సంబంధం ఖాయం అన్నారండీ సత్తిబాబుగారు!" అంది లక్ష్మీప్రసన్న.

నేను హైమవతి వైపు చూశాను.

"ఆ రోజు ఆయనకు కూర వడ్డిస్తూ, కొన్నవాళ్ళు చెట్టు కొట్టేస్తారేమోనండీ అన్నాను. అంతే. మీరసలే కంగారులో ఉన్నారని మీతో అనలేదు" అంది. అప్పటికే పనస జిగురు అంటకుండా చేతులకు నూనె రాసుకుంటోంది.

నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. వెంటనే ఫోన్ చేశాను.

"సత్తిబాబుగారూ, మీ రుణం తీర్చుకోలేనండీ. మధ్యాహ్నం భోజనానికి రావాలి."

"కిందే ఉన్నానండీ, లిఫ్టు కోసం చూస్తున్నాను. మగపెళ్ళివారిని ఒంటరిగా పంపిస్తామేంటండీ!"