వరుసలో మొదటి చోటు

లిఫ్టు బాబాయి జ్ఞాపకార్థం ఆ సాయంత్రం ప్రత్యేకంగా క్లాసు పెట్టారు. మాస్టరమ్మ మధ్యాహ్నమే వచ్చి హాలు తాళం తీసింది. బకెట్టు నిండా నీళ్లు పట్టుకుని, చేతులు పైకి మడుచుకుని నేల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది. ఇన్నేళ్లూ ఆ పని బాబాయిది. ఆయన ఉండగా ఆమె ఒక్కనాడు ఆ బకెట్టు ముట్టుకున్న పాపాన పోలేదు. పైగా సాయంత్రం అందరి ముందూ నిలబడి ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పాల్సింది కూడా ఆమే. మంచి మాటలకేం, బోలెడున్నాయి. చెప్పడానికి ఆమెకి మొహమే లేదు.

బాబాయి ఆమెకి సొంత బాబాయేం కాదు. ఫర్నిచర్ దుకాణం పైనున్న ఆ హాలులో కరాటే నేర్చుకునే వాళ్లందరికీ ఆయన బాబాయే. ఆయన కంటే వయసులో పెద్దవాళ్లూ అలాగే పిలిచేవాళ్లు, ఆయనా పలికేవాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. పెళ్లయిన కొత్తలో ఈ భవనంలోనే ఇరుక్కుపోయిన లిఫ్టును సరిచేయడానికి వచ్చి, పైన కేకలు వినబడితే ఎవరో కొట్టుకు చస్తున్నారనుకుని, చేతిలో స్పానరుతోనే విడదీయడానికి పరిగెత్తాడట. తీరా చూస్తే కరాటే క్లాసు. పాత మాస్టరు గారు ఆయన్ని ఎగాదిగా చూసి, ఎలాగూ వచ్చావు, చెప్పులు విప్పి నిలబడు అన్నారట. నిలబడ్డాడు. అలా నిలబడ్డవాడు జుట్టు నెరిసేదాకా కదల్లేదు. ఇంతకీ ఆ రోజు లిఫ్టులో ఉన్నవాళ్ల సంగతేమిటని పిల్లలు అడిగితే మాత్రం మాట మార్చేసేవాడు.

కష్టపడి నల్ల బెల్టు సంపాదించాడు. రాపిడికి అంచుల నూలు తేలి అది తెల్లబడిపోయినా కొత్తది కొననిచ్చేవాడు కాదు. తన నడుము కొలత దానికి తెలుసనేవాడు. కొత్తగా చేరిన వాళ్లకి బెల్టు ముడి వేయడం, కింద పడితే దెబ్బ తగలకుండా పడటం ఆయనే నేర్పేవాడు. గొప్ప గొప్ప తన్నులు ఎవరైనా నేర్పుతారు. పడటం నేర్పడానికి ఓపిక కావాలి, ఎందుకంటే నేర్పేవాడు కూడా వందసార్లు పడాలి.

మాస్టరమ్మ చిన్నపిల్లగా చేరినప్పుడు హాలు నిండా మగపిల్లలే. కరాటేలో దెబ్బతో పాటు గట్టిగా కేక రావాలి. ఆమెకి గొంతు పెగిలేది కాదు. మగపిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్లు. ఒకరోజు బాబాయి ఆమెని మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, ఇక్కడ అరిచి చూడు, ఎవరూ వినరు అన్నాడు. అరిచింది. మెట్లన్నీ మారుమోగి కింద దుకాణంలోని పనివాళ్లు హడలిపోయి పైకి పరిగెత్తుకొచ్చారు. ఎవరూ వినరన్నారుగా అని ఆమె ఏడుపు మొహం పెడితే, అలా అనకపోతే నువ్వు అరిచేదానివా అన్నాడు. ఆ తర్వాత ఆమె గొంతుకి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

పాత మాస్టరు గారు పోయినప్పుడు ఆ చోటు నాదంటే నాదని పెద్ద రగడే జరిగింది. అసలు లెక్కకి అది బాబాయిది. తనకి చేయడం వచ్చు గానీ నడపడం రాదు, అమ్మాయి నడుపుతుంది అని ఆయన తేల్చేశాడు. మర్నాడు ఆమె ముందు నిలబడితే సగం మంది మగవాళ్లు చేతులు కట్టుకుని చోద్యం చూస్తున్నారు.

ఇక్కడ ఆ హాలు పద్ధతి ఒకటి చెప్పాలి. క్లాసుకి ముందూ వెనకా అందరూ వరుసగా మోకాళ్ల మీద కూర్చుని గురువుకి వంగి నమస్కరిస్తారు. వరుసలో మొదటి చోటు అందరికంటే పాతవాడిది. ఆయన కూర్చున్నాకే పక్కవాడు కూర్చోవాలి, ఆ తర్వాతే ఆ పక్కవాడు. ఆయన లేవందే ఎవరూ లేవకూడదు. ఆ రోజు బాబాయి తిన్నగా వెళ్లి మొదటి చోటులో కూర్చుని, తను వేలు పట్టి నేర్పిన పిల్లకి నుదురు నేలకి ఆనేలా వంగాడు. ఆయన వంగాక మిగతావాళ్లకి వంగక తప్పలేదు. మాస్టరమ్మకి మాస్టరమ్మ అన్న పేరు అలా వచ్చింది. ఆనాటి నుంచి హాలు బయట "అమ్మాయ్" అని పిలిచినా, లోపల మాత్రం ఆయన నోట "మాస్టర్ గారు" తప్ప మరో మాట రాలేదు.

తర్వాత మోకాళ్లు మొరాయించాయి. పగలంతా లిఫ్టు గుంతల్లో మోకాళ్ల మీద పని, సాయంత్రాలు ఇక్కడ మోకాళ్ల మీద నమస్కారం. ఎన్నాళ్లని ఓర్చుకుంటాయి? తన మోకాళ్లు పాత లిఫ్టుల్లాంటివని, పైకీ వెళ్తాయి కిందికీ వస్తాయి గానీ ఎప్పుడనేది వాటిష్టమని నవ్వేవాడు. తొడ మీద చెయ్యి ఆనించి, ఒక మోకాలు, కాసేపాగి రెండో మోకాలు. అంతసేపూ హాలంతా నిలబడి ఉండేది. చీమ చిటుక్కుమంటే వినిపించేది. బల్లల మీద కూర్చున్న తల్లిదండ్రులు ఫోనులో టైము చూసుకునేవాళ్లు.

ఒకనాడు పెద్ద స్కూలు ప్రిన్సిపాల్ ఒకావిడ క్లాసు చూడటానికి వచ్చింది. నచ్చితే తన పిల్లలందరినీ ఇక్కడికే పంపిస్తానంది. సరిగ్గా ఆరోజే బాబాయి కూర్చోబోయి, సగం దాకా దిగి అక్కడే ఆగిపోయాడు. ప్రిన్సిపాల్ ఆయన వంక చూసి, తర్వాత మాస్టరమ్మ వంక చూసింది. ఆ చూపుకి మాస్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు కింద దుకాణంలో మెత్తటి కుర్చీ కొనుక్కొచ్చి పక్కగా వేయించి, బాబాయ్, మీరిక కింద కూర్చోవద్దు, ఇక్కడి నుంచే నమస్కారం పెట్టండి, మోకాళ్లు పాడైపోతాయి అని అందరూ వినేలా చెప్పింది. అందరూ ఎంత దయ అనుకున్నారు. కుర్చీ వేసి మనిషిని లేపెయ్యడం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

బాబాయి కుర్చీ వంక చూశాడు. అలాగే మాస్టర్ గారూ అన్నాడు. వెళ్లి కూర్చున్నాడు. రెండో చోటులో ఉండే బ్యాంకు గుమస్తా మొదటి చోటుకి జరిగాడు. వరుస టకటకా కూర్చుంది. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది, అందుకు ఆమె లోలోపల సంతోషించింది కూడా. ఇప్పుడు ఆమెని కాల్చుకు తింటున్నది ఆ సంతోషమే.

కొన్నాళ్లు ఆయన తెల్ల దుస్తుల్లోనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత మామూలు చొక్కాలో వచ్చాడు. తర్వాత నేల తుడిచి, క్లాసు మొదలయ్యేలోగా ఏదో పనుందని వెళ్లిపోయేవాడు. ఆపైన అసలు రావడమే మానేశాడు. ఫోను చెయ్యాలని ఆమె రోజూ అనుకునేది. స్కూలు పిల్లలతో హాలు కిటకిటలాడుతోంది, ఊపిరి సలపని పని. ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఒక పొద్దున గుండె ఆగి బాబాయి పోయాడని కబురొచ్చింది.

నేల ఆరుతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పిన్ని వచ్చింది, బాబాయి భార్య. చేతిలో ఆయన క్లాసు సంచి. మొహమాటం ఎరగని మనిషి ఆవిడ. బల్ల మీద కూర్చుని, ఆయన తెల్ల దుస్తులు ఎవరికైనా పనికొస్తాయని తెచ్చానంది. ప్యాంటు మడత విప్పి చూపించింది.

"ఈ మధ్య మీరు క్లాసు బయటెక్కడైనా పెడుతున్నారా అమ్మాయ్? క్లాసున్న ప్రతిరోజూ మోకాళ్ల దగ్గర ఇలా మట్టే. రుద్దీ రుద్దీ నా రెక్కలు పడిపోయాయి."

మాస్టరమ్మ ఆ మట్టి మరకల వంక చూసింది. అంటే ఆయన ఆ నాలుగు నెలలూ క్లాసుకని సంచి తీసుకుని ఇంట్లోంచి బయల్దేరుతూనే ఉన్నాడన్నమాట. అప్పుడు గుర్తొచ్చింది. బ్యాంకు గుమస్తా ఒకసారి చెప్పాడు. బాబాయి ఊరి చివర ఆటస్థలంలో కనిపించాడట. తెల్ల దుస్తులు, బెల్టూ వేసుకుని, ఒంటరిగా గోలుపోస్టు పట్టుకుని కిందికి కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. ఏదో వ్యాయామం అనుకుంటా అన్నాడతను. రేపు వెళ్లి చూడాలనుకుంది. ఆ రేపు రానేలేదు.

పిన్ని గొంతు తగ్గించింది. ఆయన పోవడానికి ముందు రోజు సాయంత్రం ఈ మట్టి గురించే తమ మధ్య మాటా మాటా పెరిగిందని చెప్పింది. హాలు నేల అద్దంలా ఉంటుందని ఆయనే అంటాడు, మరి మట్టెక్కడిదని నిలదీసిందట. క్లాసుకే వెళ్తున్నాను, క్లాసు బాగా జరుగుతోందని ఆయన అదే పాట పాడాడట.

"నిజం చెప్పు. ఇక్కడికే వచ్చేవారా?"

"ఇక్కడికే వచ్చేవారు పిన్నీ. అప్పుడప్పుడూ గ్రౌండులో చేయించేవాళ్లం" అనేసింది మాస్టరమ్మ. పిన్నికి ఊరటగా ఉంటుంది, బాబాయి మాట నిలబడుతుంది అనుకుంది. ఎందుకు రావడం మానేశాడని ఇక ఎవరూ అడగరని కూడా అనుకుంది. ముందు తోచింది అదే.

పిన్ని కళ్లు మూసుకుంది. రెండు చేతులతో ఆ ప్యాంటును ఒళ్లో నలిపేస్తోంది.

"ఈ వయసులో అబద్ధాలు మరిగారా అని తిట్టాను. అన్నం సయించక కంచం ముందు నుంచి లేచి వెళ్లారు. పొద్దున్న లేపితే లేవలేదు. నిజం చెప్పిన మనిషిని దొంగని చేసి పంపించాను కదమ్మా."

మాస్టరమ్మ తన తప్పు కప్పుకోవడానికి ఆడిన మాట తీసుకెళ్లి ఆవిడ నెత్తిన పెట్టింది. అప్పుడు కుర్చీ, ఇప్పుడు ఇది. రెండూ దయ పేరు మీదే.

తడి నేల మీదే వచ్చి పిన్ని ముందు కూర్చుంది.

"మీరు తిట్టింది తప్పు కాదు పిన్నీ. ఆయన అబద్ధమే చెప్పారు. ఇందాక నేనూ అబద్ధమే చెప్పాను. నాలుగు నెలలుగా ఆయన ఇక్కడికి రాలేదు. రాకుండా చేసింది నేను."

కుర్చీ సంగతి చెప్పింది. ప్రిన్సిపాల్ సంగతీ, మోకాళ్ల మీద దయతో కాదు, నలుగురిలో సిగ్గనిపించి వేయించిన సంగతీ దాచకుండా చెప్పింది. గోలుపోస్టు సంగతి కూడా చెప్పింది. మళ్లీ వరుసలో కూర్చోవాలని, ఎవర్నీ ఆపకుండా కూర్చోవాలని నేర్చుకుంటూ ఉండి ఉంటారంది. చెబుతున్నంతసేపూ తలెత్తలేకపోయింది.

పిన్ని తిట్టలేదు. తిడితే బాగుండునని మాస్టరమ్మకి అనిపించింది. ఆవిడ ప్యాంటు ఒళ్లో పరుచుకుని ఆ మరకల మీద అరచెయ్యి ఆనించింది.

"ఆఖరికి ఏదీ పట్టుకోకుండా కూర్చోగలిగారా?" అని అడిగింది.

"తెలీదు పిన్నీ. నేను వెళ్లి చూడలేదు."