దాచిన సభ్యత్వం

కడపలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్ళు ఫిజిక్సు చెప్పాను. అన్నేళ్ళూ స్టాఫ్ రూములో నా పక్కన కూర్చున్నది చరిత్ర చెప్పే ఒక ముస్లిం మిత్రుడు. మధ్యాహ్నం నా క్యారియర్ ఆయన తినేవాడు, ఆయనది నేను తినేవాణ్ణి. నా భార్యకు ఆపరేషనైనప్పుడు రక్తమిచ్చింది ఆయనే.

ఆయనకు నేను చెప్పని సంగతి ఒక్కటే. నలభయ్యో ఏట నేనొక సోదర సంఘంలో చేరాను. నెలకో శనివారం సాయంత్రం మగవాళ్ళం మాత్రమే తలుపులు వేసుకుని కూర్చునేవాళ్ళం. లోపలి సంగతులు బయట చెప్పనని అందరి ముందూ ప్రమాణం చేశాను. నిజానికి అక్కడ దాచవలసింది పెద్దగా ఏమీ లేదు. కొన్ని పాత మాటలు, చేయి కలపడంలో ఒక పద్ధతి, చివర్లో భోజనం. కానీ ఆ గది గడప దాటగానే డాక్టరూ, వకీలూ, బండల వ్యాపారీ నాకు అన్నదమ్ములైపోవడం బాగుండేది. శనివారాలు ఎక్కడికి పోతున్నావని మిత్రుడు అడిగితే బంధువుల ఇంటికనేవాణ్ణి.

మా ప్రిన్సిపాల్ రిటైరయ్యే ఏడు, ఆ పదవికి ఇద్దరు మిగిలారు. ఒకరు నా మిత్రుడు. ఇంకొకరు కామర్స్ లెక్చరర్. ఆయనది కూడా మా సంఘమే. కాలేజీలో మాత్రం మేమిద్దరం ముక్తసరిగా మాట్లాడుకునేవాళ్ళం. ఎవరిని తీసుకోవాలో తేల్చమని యాజమాన్యం ముగ్గురితో కమిటీ వేసింది. అందులో నేనొకణ్ణి.

మొదటిరోజే యాజమాన్యం తరఫు పెద్దాయన అడిగాడు. "ఇద్దర్లో ఎవురైనా మీకు కావాల్సినోళ్ళుంటే ఇప్పుడే చెప్పండప్పా. రేపు మాట రాగూడదు."

చరిత్ర లెక్చరర్ నా స్నేహితుడన్నాను. అది అందరికీ తెలిసిందేనని నవ్వారు. రెండో మాట నాలుక చివరిదాకా వచ్చింది. ప్రమాణం గుర్తొచ్చి మింగేశాను.

మిగతా ఇద్దరూ చెరొకరి వైపు నిలబడ్డారు. తేల్చవలసింది నేనే. కామర్స్ ఆయనకు ఆఫీసు పని బాగా తెలుసు, యూనివర్సిటీ వాళ్ళతో మాట్లాడగలడు అని చెప్పి ఆయన పేరే రాశాను. ఆ కారణాలు అబద్ధం కావు. అసలు కారణం అవేనా అన్నది మాత్రం ఈ రోజుకీ నాకు తెలియదు.

"పోనీలేప్పా, నీకు న్యాయమనిపించింది చేసినావు," అన్నాడు మిత్రుడు. కొత్త ప్రిన్సిపాల్‌కు మొదటి దండ వేసింది కూడా ఆయనే.

ఏడాది తర్వాత మా సంఘం కంటి వైద్య శిబిరం పెట్టింది. ఎవరో తీసిన ఫోటో వాట్సాప్‌లో తిరిగింది. అందులో నేనూ ప్రిన్సిపాలూ ఒకే రకం బ్యాడ్జీలతో పక్కపక్కన నిలబడి ఉన్నాం. మిత్రుడు ఫోను నా ముందు పెట్టాడు.

"ఇది ఎన్నేండ్ల నుంచి ఉండాది?"

"తొమ్మిదేండ్లు."

"ఆయప్ప గూడా అప్పటికే ఉండెనా?"

అవునన్నట్టు తల ఊపాను.

"నువ్వు నా పేరు రాయలేదని ఒక్కదినం కూడా బాధపడలేదప్పా నేను. న్యాయంగానే చేసింటావులే అనుకుంటి. ఇప్పుడు అట్ల అనుకునేదానికి కూడా లేకుండా చేసినావే."

"సంఘం చూసి రాయలేదు నేను. ప్రమాణం చేసింటి, అందుకే చెప్పలేదు."

"సంఘం చూసే రాసినావని నేనంటాండానా? నాకెట్ల తెలుస్తాది? నీకైనా తెలుసునా?"

ఆ విద్యాసంవత్సరం ముగియగానే ఆయన రాజీనామా చేసి కర్నూలులో ఇంకో కాలేజీకి వెళ్ళిపోయాడు.

మనసు ఆగక మా సంఘం పెద్దను అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "నీ సంగతి నువ్వు చెప్పుకోవద్దని ఎవురన్నారప్పా? పక్కోళ్ళ పేర్లు చెప్పగూడదు, అంతే. నువ్వు కమిటీ నుంచి తప్పుకొనింటే సరిపోయేది కదా."

తొమ్మిదేళ్ళు మోసిన ప్రమాణంలో ఆ అడ్డు లేనే లేదు. నలుగురికీ తెలియనిది నా దగ్గరొకటి ఉందన్న గొప్ప నాకు ఇష్టమై, ప్రమాణాన్ని అడ్డం పెట్టుకున్నాను.

ఈ మాట చెప్పడానికే కర్నూలు బస్సెక్కాను. తలుపు తీసి, "రండి సార్, కూర్చోండి," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన నన్నెప్పుడూ సార్ అనలేదు. ఆయన భార్య టీ ఇచ్చింది. అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"దీనికోసం మీరింత దూరం రావాల్సిన పనిలేదు."

"మీరు అనద్దప్పా నన్ను," అన్నాను.

"అలవాటు తప్పింది సార్," అని నవ్వాడు. బస్టాండుదాకా వచ్చి, బస్సు కదిలేవరకూ నిలబడే ఉన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళకు ఆయన గుండె ఆగి చనిపోయాడు. నాకు కబురు తెలిసింది నాలుగో రోజు, అదీ పాత అటెండరు చెబితే. నేను వెళ్ళేసరికి ఇల్లంతా సద్దుమణిగింది.

"మీ మాటొస్తే ఊరికే ఉంటాండె భాయ్," అంది ఆయన భార్య. "ఒక్కసారి కూడా తిట్టలే."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నేను సంఘం మానలేదు. మానితే ఏం తిరిగొస్తుంది? పోయిన నెల మా కాలనీలో గోడ తగాదా తీర్చడానికి నన్ను పిలిచారు. తగాదా పడినవాళ్ళలో ఒకాయన మా సంఘం మనిషే. కూర్చోగానే, నేను ఫలానా సంఘంలో సభ్యుణ్ణనీ, ఈ తగాదాలో నేను మాట చెప్పకూడదనీ అన్నాను. ఎందుకని అడగొద్దన్నాను.

"ఇదేమంత పెద్ద సంగతి సార్?" అన్నాడొకాయన.

చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాను.